ఏడో బెడ్ కాలి

బైక్ స్పీడు ఎనభై దాటింది!

ఛత్రపురం హైవే. చీకటి పడుతోంది. ఎదురుగా లారీ... హారన్... పక్కకి తిప్పాడు. బతికిపోయాడు!

డాక్టర్ లోకనాథ్ జేబులో చిన్న మందు సీసా ఉంది. దాన్ని బరంపురం ఐసీయూకి చేర్చాలి. ఇప్పుడే!

కాసేపటి కిందట అదే సీసాని ఆర్యపల్లి ఒడ్డున సముద్రంలోకి విసరబోయాడు. ఫోన్ మోగింది. ఐసీయూ నర్సు కుమారి!

"సార్, ఏడో బెడ్ ఇంజెక్షన్ రెడీ. ఉమా మేడమ్ ఏసేస్తన్నారు, మీకు సెప్పమన్నారు."

"ఏడో బెడ్డా! నిన్న ఖాళీ అన్నావ్ కదా!"

"ఖాళీ కాద్సార్... కాలి! రేపు ఏస్తారని సెప్పినాను!"

ఒడియాలో కాలి అంటే రేపు. ఒడిశా సరిహద్దు ఊరు గిరిసోలలో పుట్టినవాడికి ఆ మాట తెలీదా? కానీ నిన్న బెడ్ మీద ఎవరూ లేరు. పేషెంట్‌ని స్కాన్‌కి తీసుకెళ్ళారు. లోకనాథ్ చెవికి తనకి కావలసిందే వినబడింది.

రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకిన రోగుల మీద ఉమాదేవి కొత్త మందు పరీక్షిస్తోంది. చావాల్సినవాళ్ళు లేచి కూర్చుంటున్నారు! ఆమె, లోకనాథ్ ఒకే క్లాసులో చదివారు, ఒకే ఆస్పత్రిలో చేరారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఉమా, ఉమా! లోకనాథ్‌కి కడుపు మండిపోయింది.

వాడని సీసాలు తనిఖీకి వెళ్తాయి. వాటిలో నీళ్ళు దొరికితే? ఉమ పరువు గంగలో కలుస్తుంది! అందుకే ఏడో బెడ్ నంబర్ వేసిన సీసా తీసేసి, సెలైన్ సీసాకి అదే లేబుల్ అంటించాడు. బెడ్ ఖాళీ కదా... ఎవరూ చావరు అనుకున్నాడు.

"ఆపు! నేనొస్తున్నా!" ఫోన్లోకి అరిచాడు.

"ఎందుకు సార్?"

చెప్పాలి. చెప్తే ఉమ గెలుస్తుంది! ఫోన్ కట్ చేశాడు.

ఇప్పుడు గాలిని చీల్చుకుంటూ పోతున్నా అదే బుద్ధి! సీసాలు ఉమే తారుమారు చేసిందని చెప్తే? నమ్ముతారా?

ఆస్పత్రి! బైక్ అక్కడే పడేశాడు. మెట్లు... పరుగు...

ఐసీయూ తలుపు దగ్గర చేపలమ్మే కాసమ్మ. మొన్న ఆమె భర్త పైడన్నని ఆస్పత్రిలో చేర్చుకుంది లోకనాథే. ఏ బెడ్ మీద పడుకోబెట్టారో కనుక్కోలేదు.

"మీరొచ్చినారా బాబూ! మీ సెయ్యి సల్లనిది. మొన్న మీరు ముట్టుకోగానే మా ఇంటాయన కళ్ళు తెరిసినాడు!"

లోపలికి దూసుకెళ్ళాడు. కాసమ్మ వెనకే వచ్చింది. ఏడో బెడ్ మీద పైడన్న! ఉమ చేతిలో సిరంజి!

"ఉమా, ఆగు! అది సెలైన్!"

"ఏటి?"

"నేనే మార్చాను. నీ మీద ఏడుపుతో... అసలుది ఇదిగో!"

ఉమ సీసా లాక్కుంది. అరచేతిలో పట్టి తడిమి చూసింది.

"వెచ్చగా ఉంది, లోకనాథ్! ఎప్పుడు తీసినావ్ ఫ్రిజ్‌లోంచి?"

"నిన్న..."

"వేడి తగిలితే ఈ మందు పని చెయ్యదు. మనిషికి ఒకటే సీసా. ఇంకోటి లేదు!"

కాసమ్మకి ఒక్కటే అర్థమైంది. డాక్టరుబాబు మందు తెచ్చాడు! ఉమ చేతిలోంచి సీసా తీసుకుంది. లోకనాథ్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మీరే ఎయ్యండి బాబూ... సల్లని సెయ్యి!"

వెనక పైడన్న గుండె మానిటర్ ఒక్కటే మోత... ఆగడం లేదు!