అక్కసాని పథ్యము

జ్యేష్ఠమాసపు ఎండలో మణిగిరి దుర్గము కాలిన కుండవలె మాడుచుండెను. కొండ చుట్టును, ఏటి ఇసుక వఱకును, పశ్చిమదేశపు దండు గుడారములు వేసికొని నాలుగు నెలలాయెను. చచ్చిన ఎడ్లను, గుఱ్ఱములను కందకములోనికి ఈడ్చి పడవేయగా లేచిన కంపు గాలి తిరిగినప్పుడెల్ల కోటగోడలెక్కి, వీథులు దాటి, అంతఃపురపు తెరలలో సయితము చిక్కుకొని వదలకుండెను. బురుజులపై భటులు చింతపిక్కలు ఉడుకబెట్టుకొని తినుచుండిరి. అవియును దొరకనివారు డాళ్ల తోలు నానబెట్టి నములుచుండిరి.

ఈ కోటలో వీణావిదుషి అక్కసాని చిక్కుకొనిపోయెను. రాజు ఉదయదేవుని పట్టాభిషేక దినోత్సవమునకు వాయింప వచ్చిన మూడవనాడే శత్రువులు కోటను చుట్టుముట్టిరి. నలువది దాటిన ఆమెకు గ్రహణి వ్యాధి. ఏడాది దాటిన పాతబియ్యపు జావయు, పెసరకట్టును తప్ప మఱేమి తిన్నను కడుపులో కత్తులు తిరుగును, నెత్తురు పడును. పదునొకండేండ్లుగా ఆ పథ్యముతోనే ఆమె పల్లకి ఎక్కి ఆస్థానమునుండి ఆస్థానమునకు తిరుగుచుండెను. పోయినచోటనెల్ల నేతిలో తేలు భక్ష్యములు, వేటమాంసపు పళ్లెరములు, “మా ఇంట ఒక్క ముద్దయైన ముట్టరా?” యను నిష్ఠూరములు. కాగిన నేతివాసన సోకిననే ఆమెకు డోకు వచ్చును. తన జావ మాత్రము ఇంపా? ఆ తెల్లని జిగురును ప్రతి ఉదయము ముక్కు బిగబట్టి మ్రింగవలసినదే.

తెచ్చుకొన్న బియ్యము ముట్టడి మొదటి నెలలోనే అయిపోయెను. అప్పుడు మంత్రి గుండయామాత్యుడు స్వయముగా ఆమె విడిదికి వచ్చెను.

“అమ్మా, ప్రభువు పిన్నవయస్కుడు. దిగులుతో కుంగిపోవుచున్నాడు. తమరు ప్రతిదినము వీణ వినిపించి ఆయన మనస్సును నిలుపుడు. తమ పథ్యము నా పూచీ” అని ఎంతో వినయముగా పలికెను.

నాటినుండి ప్రతి ఉదయము మూతవేసిన కంచుగిన్నెలో జావ వచ్చుచుండెను. ఆమె త్రాగుచుండెను. ఎక్కడిదని అడుగలేదు. అడుగవలెనని రెండుమూడుమారులు నోటివఱకు వచ్చినది. ఆకలి దానిని వెనుకకు మ్రింగివేసినది.

ఒకనాటి మధ్యాహ్నము కొలువు తీరియుండగా సేనాని సూరపనాయకుని సంకెళ్లతో తెచ్చి నిలిపిరి. అతని ప్రక్కటెముకలు లెక్కింప వీలుగా బయటపడియుండెను. గుండయామాత్యుడు లేచి చేతులు జోడించెను.

“మహాప్రభూ! కొట్టార్లలోని పాతధాన్యము మాయమై మూడు నెలలైనది. నేడు ఈ దుర్గములో పాతబియ్యపు గింజ యొక్కటియు లేదు. దానిని శత్రువులకు దాటించినవాడు ఈ సూరపనాయకుడే. ఇతనిని కొఱత వేయించి, కోట తలుపులు తీసి సంధి కోరుటయే మనకు మిగిలిన దారి.”

సూరపనాయకుడు తల యెత్తెను. “ప్రభూ, నా తండ్రి మీ తాతగారి గుఱ్ఱమునకు అడ్డుపడి ఈటెపోటు తిన్నాడు. నా శిరస్సు మీ సొత్తు, తీసికొనుడు. తలుపులు మాత్రము తీయకుడు” అనెను.

కొలువులో ఒకప్రక్క వీణతో కూర్చున్న అక్కసాని మంత్రి మాటలు విని వీణను నేలపై దింపెను. పాతబియ్యపు గింజ యొక్కటియు లేదట! మఱి మూడు నెలలుగా తాను త్రాగినదేమి? బురుజుమీద తోలు నములుచున్నవారి నోటికూడు. ఆమెకు మంత్రిపై కంటె తన నోటిపై, తన నాలుకపై ఎక్కువ రోత పుట్టెను. ఆమె లేచి నిలిచెను.

“ప్రభూ, ఈ ఉదయమే నేను పాతబియ్యపు జావ త్రాగితిని. పంపినది అమాత్యులవారు.”

మంత్రి నవ్వెను. “తీగెలు మీటుకొను ఆమెకు బియ్యము పాతదో క్రొత్తదో ఏమి తెలియును?”

“పదునొకండేండ్లుగా నేను తిన్నది అదొక్కటే అమాత్యా! క్రొత్తబియ్యమే అయినచో నేను ఈపాటికి ఇట్లు నిలిచియుండను.”

అతడు ఆమె దగ్గఱకు వచ్చి, పెదవులు కదలీ కదలకుండ, “రేపటినుండి నీకు జావ ఎవరు కాతురో ఆలోచించుకొన్నావా?” అనెను. అతని నోట తాంబూలముతో కలిసిన నేతివాసన గుప్పుమనెను. అక్కసాని ముఖము త్రిప్పుకొని బిగ్గఱగా పలికెను.

“రేపటినుండి నాకు జావ ఎవరు కాతురని అమాత్యులవారు అడుగుచున్నారు ప్రభూ!”

ఉదయదేవుడు సింహాసనము దిగి, మంత్రి ఇల్లంతయు వెదకుడని ఆజ్ఞాపించెను. గడియలో భటులు మంత్రి ఇంటి పశువులశాల త్రవ్విరి. పేడకుప్ప క్రింద రెండు పాతరలు, నిండుగా బియ్యము, వానితోపాటు శత్రుసేనాని ముద్రగల లేఖయు బయటపడెను. ఆ సాయంకాలమే గుండయామాత్యుని పడమటి బురుజునుండి క్రిందికి త్రోయించిరి.

సంకెళ్లు విడిన సూరపనాయకుడు అక్కసాని యెదుట నిలిచి, “తల్లీ, ఈ బియ్యములో మీ పథ్యమునకు వలసినది వేరుగా తీయింతును” అనెను.

“వద్దు నాయకా. ఇన్నాళ్లు మీవారి కూడు తిన్నాను. అది తలచినకొలది లోపల దేవుచున్నది. అందఱకు ఏది పెట్టుదురో నాకును అదే పెట్టుడు.”

అందఱకు చాలుటకై ఆ బియ్యములో చింతపిక్కల పిండి కలిపిరి. మొదటి ముద్దకే ఆమెకు కన్నులు తిరిగెను. మూడవనాటికి నెత్తురు పడసాగెను. సూరపనాయకుడు వైద్యునిచే చెప్పించెను, తాను వచ్చి బ్రతిమాలెను. ఆమె వినలేదు.

పందొమ్మిదవనాడు పడమటి కొండలలో వాన విరుచుకొనిపడెను. ఏఱు ఒక్కపెట్టున పొంగి గుడారములను, ఏనుగులను, వంటపందిళ్లను ఈడ్చుకొనిపోయెను. మిగిలిన దండు బురదలో పడి లేచుచు వెనుకకు మరలెను. కోటలోనివారు ఏడ్చుచు, నవ్వుచు గోడలెక్కిరి.

అక్కసానిని మంచముతో మోసికొనివచ్చి బురుజుపై దింపిరి. క్రింద శత్రువులు వదలిపోయిన గుండిగలలో పాచిన కూడు ఉబ్బి తేలుచుండగా, కాకులు దానిపై వ్రాలి పొడుచుకొనుచుండెను. ఆమె చూడలేక కన్నులు మూసికొని వీణ తెమ్మనెను.

సూరపనాయకుడు ముట్టడి నాళ్లలో బురుజుల కావలిలోనే మునిగియుండి ఆమె వీణ ఒక్కనాడును వినలేదు. ఆతడు కత్తి తీసి ప్రక్కన పెట్టి, తడిసిన రాతినేలపై ఆమె పాదముల దగ్గఱ కూర్చుండెను. ఆమె వ్రేళ్లలో సత్తువ లేదు. ఒక్కొక్క స్వరము చాలసేపు వెదకుకొని పలుకుచుండెను. సగము రాగమునకు చేయి జాఱిపోయెను.

ఆమె మరల మీటునేమోయని సూరపనాయకుడు ప్రొద్దు క్రుంకువఱకు కదలకుండ కూర్చుండెను.