ఆగిపోయే కారు

అక్క ఎవరిచేతో తోయించుకుంటూ కారు తమ్ముడి మెకానిక్ షెడ్డులోకి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బయట కుండపోత. బస్సులు లేవు. పక్క ఊరి ఆసుపత్రిలో నాన్న కొడిగట్టిన దీపంలా ఉన్నాడు. చూడాలనుకుంటే వెంటనే రమ్మని నర్సు ఫోను చేసింది.

"స్టార్టవుతుందిరా తమ్ముడూ. కాసేపు నడిచి చచ్చూరుకుంటోంది," అంది అక్క, తడిసిన కొంగు పిండుకుంటూ.

అది బావ కారు. పాతదైనా కంటికి రెప్పలా చూసుకునేవాడు. పోయినేడు అందులోనే పోయాడు. రోడ్డు వారగా ఆపి, రెండు చేతులూ తాళంచెవి మీద బిగించి ఉండగా దొరికాడు. గుండెపోటన్నారు. అంతకు వారం ముందే, రోడ్డు మీదికి పాక్కుంటూ వచ్చిన పసిబిడ్డ ఒకటి ఆ కారు కింద పడి పోయింది.

మెకానిక్ తమ్ముడు బానెట్ ఎత్తాడు. పెట్రోలు వాసన, తడిసిన రబ్బరు వాసన. ఫిల్టరు మార్చాడు. స్టార్టయింది, ఆగింది. పంపు బాగుంది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ నీలంగా, నిక్షేపంలా ఉంది. పొగగొట్టం మూసుకుపోయిందేమోనని చెయ్యి అడ్డం పెట్టాడు. పొగ జోరుగానే కొట్టింది. అంతలో మళ్ళీ ఆగింది.

"దీని రోగం అంతుపట్టట్లేదే అక్కా. బావ అలిగినట్టున్నాడు," అని నవ్వించబోయాడు. అక్క నవ్వలేదు.

ఈసారి డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్ట్ చేసి, మీటర్ల వంకే చూస్తూ ఉన్నాడు. అప్పుడు కనిపించింది. తాళంచెవి... తనంతట తనే... వెనక్కి తిరిగింది. టిక్. ఇంజను ఆగింది.

మళ్ళీ స్టార్ట్ చేసి తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళ మీద చల్లగా ఏదో ఆనింది. అరచెయ్యి. బతిమాలుతున్నట్టు మెల్లగా... వదలకుండా... తిప్పింది.

ఒక్క ఉదుటున బయటపడ్డాడు. తడబడుతూ చెప్పింది విని, అక్క కారు తలుపు మీద చెయ్యి వేసి ఏడ్చింది.

"ఏమండీ, నాన్నని చూడాలి. ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి."

ఆసుపత్రి నుంచి ఇంకో ఫోను. ఇక ఆగడానికి లేదు. తాళం వెనక తీగలు కోసి, నేరుగా ఒకదానికొకటి ముడేశాడు. ఇంజను ఆగలేదు. ఇద్దరూ బయల్దేరారు.

ఊరు దాటాక మొదలైంది. టిక్. తాళంచెవి వెనక్కి తిరిగింది. టిక్... టిక్ టిక్ టిక్... దేనికీ అతకని తాళంలో, పిచ్చెత్తినట్టు.

"అక్కా," అన్నాడు. "బావ ఆపింది మన మీద అలిగి కాదేమోనే."

"మరెందుకురా?"

కారు వేగం పెరిగింది. బ్రేకు తొక్కాడు. పలకలేదు. తీగల ముడి లాగేశాడు. రెండు కొసలూ విడిగా చేతిలో ఉన్నాయి. ఇంజను నడుస్తూనే ఉంది.

ఆసుపత్రి గేటు వచ్చింది... వెళ్ళిపోయింది. "నాన్నా!" అని అక్క అద్దం మీద బాదింది. ఆమె ఒళ్ళో ఫోను మోగి మోగి ఆగింది.

తాళంచెవి సగానికి విరిగి కింద పడింది. టిక్ టిక్ లేదు. ఆ చల్లదనం కూడా లేదు.

తన రెండు కాళ్ళూ బ్రేకు మీదే ఉన్నాయి. యాక్సిలరేటరు మాత్రం నేలకంటా అణిగిపోయి ఉంది. వంగి చూశాడు. దాని రబ్బరు మీద... తడితడిగా... ఇంకా నడక కూడా రాని పసిపాదం ముద్ర.

చూస్తుండగానే ఇంకాస్త లోతుకి దిగింది.