తురాయి కొంగ కడుపులో

లుబ్వామ అన్నని లారీ గుద్ది చంపింది. చూసినవాళ్ళు యాక్సిడెంటన్నారు.

అన్న ఎంటెబ్బేలో పక్షుల ఆసుపత్రి సీటీ స్కాన్ టెక్నీషియన్. లుబ్వామ సీక్రెట్ ఏజెంట్. సమాధి దగ్గరికి అతని బాస్ కర్నల్ బ్యారుహంగ వచ్చాడు. లుబ్వామని అరటితోటలోకి తీసుకెళ్ళాడు.

"పొరుగుదేశం అధ్యక్షుడు సంధి సంతకానికి వస్తున్నాడు. మనం తురాయి కొంగని బహుమతిగా ఇస్తున్నాం. దాని కడుపులో బాంబు పెట్టాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. మీ అన్న పసిగట్టాడు."

"చంపిందెవరు?"

"ఆ ఆసుపత్రి డాక్టర్ నాములి ఆరా తీస్తోంది. మన ఏజెంటే."

"దొరికితే నాకొదిలెయ్యండి సార్."

"నాకు ప్రాణాలతో కావాలి."

లుబ్వామ మాటివ్వలేదు.

సంతకాల రోజు పక్షుల కాపరి వేషంలో, గింజల బకెట్‌తో కంట్రోల్ రూములోకి వెళ్ళాడు. ఆసుపత్రి వెనక సరస్సు ఒడ్డునే షామియానా. అద్దం అవతల స్కానింగ్ బల్ల పక్కన, బోనులో కొంగ. ఇవతల నాములి. తెల్లకోటు కింద ఎర్ర గౌను, గదినిండా సెంటు వాసన.

"చూసుకోవయ్యా, కడుపులో గింజలు తప్ప ఏం లేవు. బోను పట్టుకెళ్ళు."

అతను స్కాన్ తెర వంక చూశాడు. కొంగ గొంతుగొట్టం రొమ్ము ఎముకలోకి దూరి బాకాలా చుట్టలు తిరిగింది.

లుబ్వామ వాళ్ళది కొంగ వంశం. ఆ పక్షి వాళ్ళకి తోబుట్టువు, తినరు, కొట్టరు. అన్న ప్రతి తురాయి కొంగ స్కానూ ఇంటికి తెచ్చి, మటోకే అరటి ముద్ద తింటూ చుట్టాల ఫోటోల్లా చూపించేవాడు. వాటి గొట్టం తిన్నగా దిగుతుంది. చుట్టలు పరాయిదేశాల కొంగలకే.

"అమ్మగారూ, మీ ముఠావాళ్ళు వాళ్ళూరి కొంగ స్కాన్ పంపినట్టున్నారే?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్ అందుకోబోయింది. అతను ఆమె చెయ్యి వెనక్కి విరిచి లోపలికి ఈడ్చుకెళ్ళి, బోను ఊచకి బేడీ వేశాడు. బయటికొచ్చి సీసం తలుపు మూసి మైకు నొక్కాడు.

"గోడలు మందం. పేలితే నువ్వూ, అదీ, అద్దం దగ్గర నేనూ. షామియానాకి ఏం కాదు."

"పిచ్చెక్కిందా? అందులో ఏం లేదు!"

"అయితే కూర్చో. లారీ తోలిందెవరు?"

"నాకేం తెలుసు!"

బయట డోళ్ళు మోగాయి. అతిథి వచ్చాడు. నాములి ముఖం మీద పౌడరు చెమటకి చారలు కట్టింది. కొంగ తురాయి విప్పి ఆమెనే చూస్తోంది. తోబుట్టువుని పందెం పెట్టినందుకు అన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు. లుబ్వామ కదల్లేదు.

"బ్యాగులో లిప్‌స్టిక్! అడుగు తిప్పితే టైమరు ఆగిపోతుంది! త్వరగా!"

లిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"లారీ?"

"నేనే! నేనే తోలాను! తిప్పరా!"

తిప్పాడు. కొంగ కడుపులో టిక్కుమంది. డోళ్ళు ఆగాయి. అవతల సంతకాలకి చప్పట్లు కొట్టారు.

ఆమె బోనుకి ఒరిగిపోయింది. "నన్ను... చంపవా?"

"కర్నల్ వద్దన్నాడు. కోర్టుకి తీసుకెళ్తాను. దారిలో ఒక్క ఇంటి దగ్గర ఆపుతా." టోపీ సర్దుకున్నాడు. "మా అమ్మ కొడుకుని చంపినవాళ్ళని చూడాలంటోంది. ఆవిడకి మాత్రం కర్నల్ వద్దని చెప్పలేదు."