బెల్లం మాట

"ఏమ్మా రూతమ్మా, ఇంకా బతికే ఉన్నావా? నీ ఇడ్లీలు తిని ఊళ్ళో సగంమంది పోయారంట గదా!"

సైకిలు దిగుతూ పాస్టరు దైవసహాయం గట్టిగా అరిచాడు. వీధిలో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. కొత్తరేవులో పొద్దున్నే మనుషులు పలకరించుకునే తీరే అది. పక్కింటి వసారాలో ఒక తల్లి చంటిదాని జుట్టు దువ్వుతూ, "నీ దుంపతెగ, నీ మొహం మండ" అని ముద్దుగా పాడుతోంది. దైవసహాయం ఇడ్లీ బండి ముందున్న బల్ల మీద కూర్చుని రూతమ్మ జవాబు కోసం చూశాడు. "మీ దినానికి నేనే వడ్డిస్తాను లెండి అయ్యగారూ" అని ఆమె రోజూ అంటుంది. ఆ మాట వింటే గానీ ఆయనకు టీ రుచించదు.

ఆ రోజు రూతమ్మ ఆ మాట అనలేదు. ఇడ్లీ పాత్ర మూత పెట్టేసి, "ఒక్కసారి లోపలికి రండి అయ్యగారూ" అంది. ఆమె వాకిలి పక్కన గోడకున్న పలక మీద తువ్వాలు కప్పి ఉంది. అది చూడగానే ఆయన టీ సంగతి మరిచి బల్ల మీంచి లేచాడు.

ఆ పలకల సంగతి చెప్పాలి. పాతరేవు సముద్రంలో కలిసిపోయాక జనాన్ని తెచ్చి ఇక్కడ దించారు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు దిగులుతో మంచం పడుతున్నారని, ఇంటికొక ఊరటపలక, మనిషికొక నాడిపట్టీ ఇచ్చారు. మణికట్టు మీది పట్టీ నాడి చూస్తుంది, నిద్ర చూస్తుంది, ఎవరు దేనికి బెదురుతున్నారో పసిగడుతుంది. నగరంలో ఉన్న ముందెరుక యంత్రం ఆ మనిషికి రాబోయే దిగులును లెక్కగట్టి, అందుకు తగిన ధైర్యపు మాట ఒకటి ఏరి పొద్దున్నే పలక మీద వెలిగిస్తుంది. ఎవరి దేవుడి మాట వాళ్ళకి. ఏ దేవుడూ లేనివాడికి తాతల నాటి సామెత. భయం ఎంత పెద్దదైతే మాట అంత మెత్తగా ఉంటుంది.

మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడు, పడవ నడిపే తండేలు కోటేశు ఇంటి పలక మీద ఎన్నడూ లేనంత మెత్తని మాట వెలిగింది, వారం తిరక్కుండా పడవ బోల్తా పడి అతను పోయాడు. తర్వాత ఒక బాలింత. ఆ తర్వాత మిల్లులో ఒక ముసలాయన. మనవాళ్ళకు లెక్క కుదరడానికి మూడు చావులు చాలవూ! చేదుమందు పోసేముందు పిల్లల నోట్లో బెల్లంముక్క పెడతారు గదా, అలాగే పలక కూడా చావుకు ముందు బెల్లం పెడుతోందని తేల్చేశారు. "వాళ్ళింట్లో బెల్లం పడిందంట" అంటే చాలు, కుదిరిన సంబంధాలు తప్పిపోయేవి. అప్పు అడిగితే పుట్టేది కాదు. చివరికి మనిషి నోటి వెంట వచ్చే మంచి మాట కూడా అపశకునమైపోయింది. మెత్తగా మాట్లాడినవాడిని జనం కర్రలు పట్టుకుని తరిమినంత పనిచేశారు. ప్రేమ ఉన్నవాళ్ళు తిట్టడం నేర్చుకున్నారు. ఆదివారం ఆరాధనలో దైవసహాయం నరకం గురించి ప్రసంగిస్తే జనం హాయిగా ఊపిరి పీల్చుకునేవారు. పొరపాటున పరలోకం అన్నాడా, బెంచీలు ఖాళీ.

ఇందులో ఆయన పాపం కూడా ఉంది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దాన కార్డులు పోసి, ఇంటికొకటి తీసుకోమనడం చర్చిలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే ఏది వస్తే అదే ఆ ఏటికి దేవుడిచ్చిన మాట. ఎవరికి ఏది కావాలో దేవుడికే తెలుసు, యంత్రానికి కూడా తెలిస్తే ఇంకా మంచిదే గదా అని, ఆ కార్డుల మాటలన్నీ పలకకు అప్పగిస్తూ సంతకం పెట్టింది ఈ దైవసహాయమే. ఆ రోజు ఆయనకు శాలువా కూడా కప్పారు.

రూతమ్మ తువ్వాలు తీసింది. "నీకు తోడైయున్నాను, భయపడకుము" అని, సమాధుల దగ్గర ఆయన చదివే వాక్యం పలక మీద వెలుగుతోంది.

"ఎల్లుండి నా గుండె ఆపరేషన్ గదండీ" అంది రూతమ్మ. "నేనెళ్ళను. దేవుడు ముందే చెప్పాక ఇంకా ఆయనతో వాదులాటేంటి? కెజియాను మీ ఇంట్లో పెట్టుకోండి. ఇంటరు అయ్యేదాకా చాలు."

కెజియా ఆమె కూతురు. పదిహేడేళ్ళది. తండ్రి సముద్రంలో పోయాక తల్లే దానికి లోకం.

"డాక్టరుగారు ఏమన్నారు?"

"చేయించుకుంటే నూటికి తొంభై నాలుగుమంది బతుకుతారంట. చేయించుకోకపోతే ఆర్నెల్లు."

"మరింకేంటమ్మా! పలక చావును చూసి మాట ఇవ్వదు. భయాన్ని చూసి ఇస్తుంది. నువ్వు ఆపరేషన్ అని బెదిరిపోయి నిద్ర మానేశావు. పట్టీ అది కనిపెట్టింది. నీకు ధైర్యం కావాలని ఆ వాక్యం పంపింది, అంతే. సంతకం పెట్టిననాడు ఇంజనీర్లు నాకు విడమరిచి చెప్పారు. కోటేశు కూడా ఆ వారం తుఫాను కబురు విని హడలిపోయి ఉన్నాడు. భయపడినవాళ్ళందరికీ బెల్లం పడింది. అందులో పోయినవాళ్ళనే మనం లెక్కపెట్టుకున్నాం."

అది నిజం. ఆయనకు మొదటినుంచీ తెలిసిన నిజం. మొదట్లో ఒకసారి చర్చిలో చెప్పబోతే జనం లేచి వెళ్ళిపోయారు. చర్చి ఖాళీ అవుతుందని భయపడి నోరు మూసుకున్నాడు.

రూతమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"అయ్యగారూ, మీ గొంతు మెత్తబడింది. మీకు గూడా తెలిసిపోయింది గదా?"

ఎంత నచ్చజెపితే అంత నమ్మకం పోతుంది. ఊరడిస్తే చావు ఖాయమని ముద్ర వేసినట్టే. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆయన చటుక్కున వెనక్కి తిరిగి, బల్లను కాలితో తన్నాడు.

"ఛీ! దేవుడికి నీతో కబుర్లు చెప్పడం తప్ప ఇంకో పని లేదనుకున్నావా? నువ్వొక పెద్ద దెబోరా ప్రవక్త్రివి, నీకు దర్శనాలు! ఇడ్లీపిండి రుబ్బుకునేదానికి ఇంత టెక్కా? పిల్లను నా నెత్తిన రుద్ది దర్జాగా పోదామని చూస్తున్నావా? నోరుమూసుకుని ఆసుపత్రికి పద. రాలేదో, జుట్టుపట్టి ఈడ్చుకెళ్తా!"

రూతమ్మ కళ్ళు తెరిచి చూసింది. మెల్లగా ఆమె మొహంలోకి రక్తం వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

"అమ్మయ్య! నిజంగానే కోప్పడుతున్నారు. ఎల్తాను లెండి. మీ తద్దినం పెట్టేదాకా నేను పోను."

వీధిలోకి వచ్చాక ఆయన సైకిలు ఎక్కడం మరిచిపోయి, దాన్ని ఇంటిదాకా నడిపించుకుంటూ వెళ్ళాడు.

ఆపరేషన్ జరిగింది. డాక్టర్ల తప్పేమీ లేదు. నూటికి ఆరుగురు అన్నారు గదా, ఆ ఆరుగురిలో ఎవరో ఒకరు ఉండాలి. మూడోరోజు మధ్యాహ్నం డాక్టరు దైవసహాయాన్ని పక్కకు పిలిచి, ఇక గంటో రెండు గంటలో అని చెప్పింది.

వార్డు నిండా తిట్లే. ప్రతి మంచం దగ్గరా చుట్టాలు కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ రోగులను శాపనార్థాలు పెడుతున్నారు. "లేవే దరిద్రపుదానా, ఎంతకాలం పడుకుంటావు?" అని తిట్టి తిట్టి, ఇక గొంతు నిలవక కెజియా బయటి వరండాలోకి వెళ్ళిపోయింది. దైవసహాయం మంచం పక్క స్టూలు మీద కూర్చుని రూతమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటీ వేషాలు?" అన్నాడు. "బండి దగ్గర జనం కాచుక్కూర్చున్నారు. లే."

"చాలు అయ్యగారూ" అంది రూతమ్మ. గొంతు గాలిలా ఉంది. "మీకు తిట్టడం రాదు. మొన్న గూడా తెలిసిపోయింది. మీరంత కష్టపడుతుంటే కాదనలేక వచ్చాను."

ఆయన తల దించుకున్నాడు.

"ఇక్కడ పడుకుని ఆలోచించానండి. ఆ వాక్యం పలకది గాదు గదా. మా అమ్మ ఉప్పెనలో చూరు పట్టుకుని అదే చదివింది. నన్ను కన్నప్పుడు గూడా అదే చదివిందంట. ఎనభై రెండేళ్ళు బతికింది. మనమే దాన్ని చావుమాట చేసుకున్నాం. నాకు ఒక్కసారి చెప్పండి. నాకిప్పుడు భయం లేదు. వినాలనుంది, అంతే."

ఆయన నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా నోటికి వచ్చిన వాక్యం, వందల మంచాల దగ్గర చెప్పిన వాక్యం. పక్క మంచం మీది ముసలాయన ఇటే చూస్తున్నాడు. ఆయన కూతురు చప్పున తండ్రి చెవులు రెండు చేతులతో మూసేసింది. దైవసహాయం మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "ఇదిగో... నువ్వు... ముందు లేచి కూర్చో..." అన్నాడు. ఎంత సిగ్గుచేటు! ఆ మాటలకు ఆయనకే అసహ్యం వేసింది.

ఆయన నుదుటి మీద చెమట చూసి రూతమ్మకు జాలేసింది. వేళ్ళతో ఆయన చేతిని మెల్లగా నొక్కింది.

"భయపడకండి అయ్యగారూ. దేవుడు మీ పక్కనే ఉన్నాడు. ఎటు తీసుకెళ్ళినా ఆయనే నడిపిస్తాడు."

నాలుగేళ్ళుగా ఆయనతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడలేదు. ఆ మాట వినగానే ఆయనకు ఎదురుగా ఉన్న మనిషి చావు గుర్తుకు రాలేదు. తన చావు గుర్తొచ్చింది. బెల్లం నాకు పడిందా, ఇక నా వంతేనా అనుకున్నాడు. కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

రూతమ్మ ఖాళీ అయిన తన అరచేతిని చూసుకుంది. ఆయన మొహం చూసింది. "అయ్యో" అంది, చిన్నగా.

ఆయన వెంటనే మళ్ళీ చెయ్యి అందించాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. వాక్యం మొదటినుంచి చివరిదాకా గడగడా చెప్పేశాడు, పక్క మంచాలవాళ్ళు లేచి పారిపోతున్నా ఆపకుండా చెప్పాడు. ఆమె వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపే తెర మీద గీత సాఫుగా సాగిపోతోంది.

ఆయన వరండాలోకి వచ్చేసరికి కెజియా గోడకానుకుని నిలబడి ఉంది. ఆయన్ని చూడగానే దానికి అర్థమైపోయింది. ఏడవడానికి కూడా భయపడుతూ అడిగింది.

"అమ్మ చివర్లో ఏమన్నా అందా అయ్యగారూ?"

చెప్పాల్సిన మాట ఆయన దగ్గర ఉంది. ఆ పిల్ల ఒంటరిగా బతకబోయే రోజులన్నిటికీ సరిపోయే మాట. అది చెబితే కెజియా ఏమనుకుంటుందో కూడా ఆయనకు తెలుసు. ఇంటికెళ్ళి తలుపేసుకుని తన చావు కోసం ఎదురుచూస్తుంది.

"తిట్టింది" అన్నాడు దైవసహాయం. "నిన్ను సన్నాసిదానా అంది. పొయ్యి కట్టేయకుండా వచ్చి ఉంటుంది చూడండి అని తిట్టింది."

కెజియా ముక్కు తుడుచుకుంది. "బాగా తిట్టిందా?" అని అడిగింది.

"బాగా" అన్నాడాయన.