నిద్రలో దిగే విమానం

“ఆ ఇమానం మాట ఇంకోసారి ఈ ఇంట్ల ఎత్తితే మంచిగుండదు!” పూల్‌సింగ్ కేకకి వాకిట్లో ఇప్పచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

అతని భార్య జమ్లి పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఒక్కగానొక్క కూతురు భార్గవి... ములకలపల్లి అడవి పక్క తండాలో పుట్టి, సర్కారు సాయంతో విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్ళిన పిల్ల! ఓ రోజు రెండు సీట్ల బుల్లి విమానంలో ఒంటరిగా ఎగిరి, దిగేటప్పుడు దాన్ని నేలకు గట్టిగా కొట్టింది. విమానం బంతిలా ఎగిరిపడింది... ముందు చక్రం విరిగి, గడ్డిలోకి దూసుకుపోయి ఆగింది. పిల్లకి కుడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు! ఇప్పుడు చెయ్యి బాగైంది. నేర్పే మేడమ్ మళ్ళీ రమ్మంటోంది. కానీ సారపాక కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు పూల్‌సింగ్, దారిలో ఎన్ని ప్రమాదాలు చూసినా చలించని మనిషి, కూతురి విషయంలో మాత్రం వణికిపోయాడు. దుమ్ముగూడెం వైపు సంబంధం ఖాయం చేసేశాడు.

నిజం చెప్పాలంటే జమ్లికీ లోపల హాయిగానే ఉంది. పిల్ల కళ్ళముందు ఉంటుంది కదా! అందుకే ఢావ్లో నేర్పడం మొదలుపెట్టింది. అత్తారింటికి వెళ్ళే పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. భార్గవి బుద్ధిగా ఒక్కో చరణం అప్పజెప్పింది... కంట్లో ఒక్క చుక్క లేదు! ఆ పొడి కళ్ళే జమ్లి గుండెల్లో ముల్లులా దిగబడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఎండుమిర్చి ఘాటు గాలిలో తేలుతోంది. ఇప్పచెట్టు కింద మంచం మీద భార్గవి నిద్రపోతోంది. పక్కనే రాలిన ఇప్పపువ్వు ఏరుతున్న జమ్లి చెయ్యి ఆగిపోయింది. పిల్ల ఎడమ చెయ్యి గాలిలో దేన్నో పట్టుకుని, మెల్లగా... మెల్లగా... గుండె వైపు లాక్కుంటోంది! ఆ వెంటనే ముఖమంతా ప్రశాంతం. కాసేపటికి మళ్ళీ అంతే! జమ్లికి కళ్ళు మూతలు పడ్డాయి. చెట్లు పక్కకి జరిగి దారి ఇచ్చినట్టు, రాలే ఇప్పపూల మధ్య నుంచి తెల్లటిదేదో చప్పుడు లేకుండా వాకిట్లో వాలినట్టు... అబ్బ, ఎంత బాగుంది!

“యాడీ!” అని తల్లిని పిలిచింది భార్గవి. జమ్లి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

“ఏం కలగన్నవ్ బిడ్డా?”

“దిగుతున్ననే అమ్మా... ఆ రోజు నేల దగ్గరికొచ్చినంక గాభరపడి ఇమానం ముక్కు కిందికి వంచిన. గిప్పుడు కలల రోజూ పిడి నా దిక్కు గుంజుకుంట దిగుతున్న... మెల్లగ... చప్పుడే ఐతలేదు!”

“భయమైతలేదా?”

“ఐతది. కలల గూడ ఐతది. ఐనా దిగుతున్న.” భార్గవి తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది. “బాపు మాట కాదననే... ఆ పాట పాడి, పొమ్మన్న కాడికి పోత.”

జమ్లి ప్రాణం విలవిల్లాడింది. ఛీ, నేనేం తల్లిని! పిల్ల ఎదురుగా ఉంటే చాలనుకున్నానే కానీ, పిల్ల మనసు ఎక్కడుందో చూశానా!

మర్నాడు పొద్దున్నే, మేడమ్ దగ్గరికి పొమ్మని కూతురి చేతికి తనే సంచి ఇచ్చింది. పూల్‌సింగ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అంతే! జమ్లి కూతురి మెడ చుట్టేసుకుని గొంతెత్తి ఢావ్లో అందుకుంది! తండా ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు.

“పెండ్లి కాకముందే గా పాటేందే? పిచ్చి లేసిందా!” భార్య మీద అరిచాడతను.

“బిడ్డ తన ఇంటికి పోతాంటే పాడొద్దా అయ్యా? పండుకోని గూడ గాడికే పోతున్నది! నువ్వాపితే ఆగుతదా?”

అప్పుడు బద్దలైంది భార్గవి! ఇన్నాళ్ళూ రాని ఏడుపు కట్ట తెగినట్టు వచ్చేసింది. వెక్కుతూనే తల్లి పాటలో గొంతు కలిపింది... ఒక్క చరణమూ తప్పలేదు.

పూల్‌సింగ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత కూతురి చేతిలో సంచి తీసుకుని తన భుజానికి వేసుకున్నాడు.

“దుమ్ముగూడెమోళ్ళకు నేను జెప్పుకుంట. నడువు, బస్సొస్తది.”

ముగ్గురూ రోడ్డు దాకా నడిచారు. బస్సు వచ్చాక కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి ఒళ్ళో పెట్టి, తల మీద చెయ్యి వేశాడు.

“ఎంత లేటైనా కానియ్యి బిడ్డా... మెల్లగ దిగు.”