నాలుగో ప్రీసెట్‌లో గొంతు

ఆమె చనిపోయి ఒక రాత్రి గడిచినా గొంతు మాత్రం ఆగలేదు.

మెట్లెక్కుతుండగానే అది మిణుగురు చెవిన పడింది. ఎవరో ఆడమనిషి పెదవులు కలిపి పలికే "ఊఁ". దానికి మొదలు లేదు, చివర లేదు, మధ్యలో ఊపిరి తీసుకోవడమూ లేదు. స్టూడియో తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ చెవుల్లో దూది కుక్కుకుని, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. మిణుగురు కార్డు చూపిస్తే దానివైపు చూడనైనా చూడకుండా తలుపు తీశాడు.

లోపల చీఫ్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద వైర్లు, టంకం కడ్డీ, చల్లారి మీగడ కట్టిన కాఫీ కప్పు. కుర్చీ పక్కకి ఒరిగి పడి ఉంది.

"శవాన్ని తీసుకెళ్ళారు. వైరుతో మెడ బిగించారు," అన్నాడు చీఫ్. "మిగతాదేదీ ముట్టుకోనివ్వలేదు. ల్యాబ్ వాళ్ళు ఈ గొంతుని రికార్డు చేసుకుని, ఇక ప్లగ్ పీకేద్దామన్నారు. పీకితే ఏం పోతుందో తెలిసేదాకా వద్దన్నాను."

"పీకితే ఇది పోతుంది సార్. ఇంకా సేవ్ చెయ్యలేదు."

ఆ గొంతు ఎవరిదో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. చీఫ్‌కి ఆమె డిపార్ట్‌మెంట్ ఏజెంటు. మిణుగురుకి తోడబుట్టిన అక్క. మిణుగురు అతని కోడ్ నేమ్. ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

బల్ల మీద మాడ్యులర్ సింథసైజర్ ఉంది. ముక్కలు ముక్కలుగా కొనుక్కుని, వైర్లతో ఎవరికి నచ్చినట్టు వాళ్ళు కలుపుకునే వాద్యం. అందులో కుడివైపు చివర అరచేయంత ఎఫెక్ట్స్ యూనిట్. మైకులోంచి వచ్చిన గొంతుని సాగదీయడం, మసకబార్చడం, కావాలంటే గాలిలో కట్టేసినట్టు అలాగే నిలబెట్టేయడం దాని పని. ఒకసారి కుదిరిన శబ్దాన్ని ప్రీసెట్‌గా దాచుకోవడానికి ఏడు స్లాట్లు, ఒక్కో స్లాటుకీ ఒక్కో చిన్న దీపం.

"ఇప్పుడు విను," అన్నాడు చీఫ్. "ఈ సాయంత్రం సంగీతసభ. ముందు వరసలో రెండు దేశాల మంత్రులు. రేపు పొద్దున్నే ఒప్పందం మీద సంతకాలు. ఆ సంతకాలు పడకూడదని ఒక ముఠా బయటినుంచి దిగింది. దాని తలకాయ, మన గాయని నెమలికి మేనేజరు. హాల్లో ఎక్కడో పేలుడు పెట్టె ఉంది. దానికి గడియారం లేదు. రిమోట్ లేదు. చెవి ఉంది."

"చెవా?"

"ఒకానొక శబ్దం వింటే పేలుతుంది. రేడియో సిగ్నళ్ళయితే జామ్ చేస్తాం. శబ్దాన్ని ఏం చేస్తాం? ఆ శబ్దం స్టేజి మీది యూనిట్‌లో, నాలుగో ప్రీసెట్‌లో ఉంది. ఇక్కడున్న యూనిట్ దానికి జంట. ఇక్కడ తయారుచేసి, మెమరీ కార్డుతో అక్కడికి మారుస్తారు."

"హాలు ఖాళీ చేయిస్తే?"

"మొదటి కుర్చీ కదలగానే, హాలు చివర పేలుడు అందని కంట్రోల్ రూమ్‌లో గడియ వేసుకుని కూర్చునే మేనేజరే నాలుగోది నొక్కేస్తాడు. కరెంటు తీసేద్దామంటే సొంత బ్యాటరీలు పెట్టుకున్నాడు." చీఫ్ యూనిట్ వైపు వేలు చూపించాడు. "ఇంకో సంగతి. ఆ నాలుగో ప్రీసెట్ తయారుచేసింది మీ అక్కే."

గొంతు ఊఁ అంటూనే ఉంది.

"మనమే ఆమెను ముఠాలోకి పంపాం. రెండు నెలల నుంచి ఒక్క రిపోర్టూ లేదు. ఆమె తన మనిషైపోయిందని మేనేజరు నలుగురిలో చెప్పుకున్నాడు. నాకు నమ్మాలని లేదు. నమ్మకుండా ఉండటానికి ఆధారమూ లేదు."

మిణుగురు వంగి యూనిట్ వైపు చూశాడు. ఏడు దీపాల్లో ఆరు ఆరిపోయి ఉన్నాయి. నాలుగోది మినుకుమినుకుమంటోంది.

"స్లాటు లోడ్ చేస్తే దీపం నిలకడగా వెలుగుతుంది సార్. లోడ్ చేశాక ఏదైనా మార్చి, సేవ్ చెయ్యకపోతే ఇలా మినుకుమంటుంది. అక్క నాలుగోది తెరిచి, దాని స్థానంలో తన గొంతు పెట్టింది. సేవ్ బటన్ దీపం నిలబడేదాకా నొక్కి పట్టుకోవాలి. అంత వ్యవధి దొరకలేదు."

"అదే నా అనుమానం. పాత నాలుగోదాన్ని పనికిరాకుండా చేద్దామనుకుందా, లేక అందులో లోపమేదో ఉంటే సరిచేస్తోందా? రెండోదే నిజమైతే, నువ్వు ఆ బటన్ నొక్కగానే వాళ్ళ పని మనం పూర్తిచేసినట్టు."

మిణుగురు పడిపోయిన కుర్చీని లేపి కూర్చున్నాడు. ఆ గొంతు నేరుగా ముఖం మీదికి వస్తోంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే గది. చీకటంటే అతనికి భయం. భయం పోవడానికి తనే ఏదో ఒక కథ అల్లి చెప్పేవాడు. అవతలి మంచం మీదినుంచి అక్క ఊఁ కొట్టేది. నిద్ర ముంచుకొచ్చినా ఊఁ ఆపేది కాదు. ఆపితే తమ్ముడు లేచి కూర్చుంటాడని ఆమెకి తెలుసు.

ఈ ఊఁ అదే. శబ్దం కోసం పలికిన ఊఁ కాదు. చెప్పు, వింటున్నాను అనే ఊఁ.

అతను సేవ్ బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. చీఫ్ వారించలేదు. దీపం ఇంకొన్నిసార్లు మినుకుమని నిలబడిపోయింది. తర్వాత మెమరీ కార్డు పెట్టి ఏడు స్లాట్లూ దానిమీదికి కాపీ చేశాడు. కార్డుని బొటనవేలికి ఆనించి, పైన బ్యాండేజీ చుట్టాడు.

"ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా అక్కడ ఎక్కించకు," అన్నాడు చీఫ్. "నేను చెబుతాను. అప్పుడే."

గది దాటేముందు మిణుగురే యూనిట్ స్విచ్ ఆపాడు. కానిస్టేబుల్ చెవుల్లోంచి దూది తీసి, హమ్మయ్య అన్నాడు. మిణుగురు మెట్ల మీద కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

*

సాయంత్రానికి అతను నెరిసిన మీసం, బూడిదరంగు ఓవరాల్, చెవిలో వినికిడి యంత్రంతో హాలు వెనక గుమ్మంలోంచి పియానో శ్రుతి చేసే ముసలాడిలా లోపలికి నడిచాడు. ఆ వినికిడి యంత్రంలో మాట్లాడేది చీఫ్.

మేకప్ గదిలో నెమలి అద్దం ముందు కూర్చుని ఉంది. వెండిరంగు గౌను, మెడలో పచ్చరాళ్ళ హారం. మేనేజరు దగ్గర జీతం, డిపార్ట్‌మెంట్ దగ్గర రహస్యంగా ఇంకో జీతం. ఎవరికి ఎంత నిజం చెబుతుందో చీఫ్‌కే అంతుపట్టని మనిషి.

"తడవని అగ్గిపుల్ల ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు మిణుగురు.

"పుల్ల ఉంది. పెట్టే తడిసింది," అంది ఆమె అద్దంలోంచే. కోడ్ సరిపోయింది. "మీసం వంకరగా ఉంది. సరిచేసుకో."

"నాలుగో ప్రీసెట్ మోగించే కాలి పెడల్ మేనేజరు ఎప్పుడు నొక్కమన్నాడు?"

"చివరి పాట, చివరి స్వరం వదిలాక. గోడవతల ఎవరికో సిగ్నలన్నాడు. మామూలే."

"వినేది మనిషి కాదు. బాంబు."

పౌడర్ అద్దుతున్న చెయ్యి ఆగిపోయింది. "మరి నా సంగతి?"

"బాంబు సంగతి నీకు చెప్పలేదంటేనే, అర్థం చేసుకో."

ఆమె పౌడర్ డబ్బా మూత నెమ్మదిగా పెట్టింది. "నొక్కనంటే?"

"లోపల కూర్చుని అతనే నొక్కుతాడు. నొక్కినా పేలకుండా చెయ్యాలి. నువ్వు మామూలుగా పాడు."

"మీ అక్క కూడా నిన్న అదే మాటంది. మామూలుగా పాడు అని." నెమలి మొదటిసారి అతనివైపు తిరిగింది. "వెళ్ళేముందు నా భుజం తట్టింది. తను ఎవరినీ తట్టే మనిషి కాదు."

*

సౌండ్ చెక్ మొదలుకుని మేనేజరు మనుషులిద్దరు స్టేజి పక్క తెర వెనక ఆ యూనిట్‌ని అంటిపెట్టుకుని ఉన్నారు. మిణుగురు శ్రుతి పనిముట్లు సర్దుకుంటున్నట్టు నటిస్తూ కనిపెట్టుకుని కూర్చున్నాడు. పాట తర్వాత పాట. చివరి పాట ఎత్తుకోగానే ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చప్పుడు చెయ్యకుండా వెనక గుమ్మం వైపు జారుకున్నారు. చావడానికి ఎవరూ ఉండరు కదా.

అతను తెర వెనక్కి వెళ్ళాడు. బ్యాండేజీ విప్పాడు.

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "మిణుగురూ, ఆగు. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆ ఊఁ కింద ఇంకో మంద్రస్వరం ఉందట. చాలా సన్నగా. అదే ట్రిగ్గర్ కావచ్చంటున్నారు. ఎక్కించకు."

"ఎక్కించకపోతే, సార్?"

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"కావచ్చంటున్నారా, అవునంటున్నారా?"

"కావచ్చంటున్నారు."

స్టేజి మీద నెమలి చివరి చరణంలోకి వచ్చేసింది. ముందు వరసలో ఇద్దరు మంత్రులు తలలు పక్కపక్కన పెట్టి ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. పాత నాలుగోది కచ్చితంగా చంపుతుంది. కొత్తది చంపొచ్చు, చంపకపోవచ్చు. తూకంలో ఇటువైపు ఉన్నది ఒక్క మనిషి మీద నమ్మకం. ఆ మనిషి లేదు.

మిణుగురు వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకున్నాడు. కార్డు దూర్చాడు. కార్డులోవి ఎక్కించే బటన్లు రెండూ కలిపి నొక్కాడు.

మొదటి దీపం వెలిగింది. ఏడూ వెలిగేదాకా యూనిట్‌లో పాత ప్రీసెట్లే బతికి ఉంటాయి. ఈలోగా ఎవరు పెడల్ నొక్కినా అంతే సంగతులు.

రెండోది. చివరి పాదం మొదలైంది. మూడోది. నెమలి చివరి మాట అందుకుంది. ఆమె ఓరకంట తెరవైపు చూసింది. మిణుగురు తల అడ్డంగా ఊపాడు.

ఆమె చివరి స్వరం పట్టుకుంది. వదల్లేదు.

నాలుగు. అయిదు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. నెమలి మెడ నరాలు ఉబ్బాయి, పచ్చరాళ్ళ హారం వణుకుతోంది. స్వరం సన్నబడింది గానీ తెగలేదు. ఆరు. హాలు చివర కంట్రోల్ రూమ్ అద్దం వెనక మేనేజరు లేచి నిలబడటం, బల్ల వైపు చెయ్యి చాచడం మిణుగురుకి కనిపించింది.

ఏడో దీపం వెలిగి నిలబడింది. మిణుగురు తలూపాడు. నెమలి కాలూ మేనేజరు వేలూ దాదాపు ఒకేసారి దిగాయి.

"ఊఁ."

హాలు నిండా అదే. గోడల్లోంచి, కుర్చీల కిందినుంచి, పైకప్పు నుంచి. నిండుగా, నింపాదిగా, పక్క మంచం మీదినుంచి వచ్చినట్టు. మిణుగురు కళ్ళు మూసుకుని పేలుడు కోసం ఎదురుచూశాడు. పేలుడు రాలేదు. ఊఁ మాత్రం అలాగే ఉంది. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. నెరిసిన మీసం ఒకవైపు ఊడి వేలాడింది.

కంట్రోల్ రూమ్‌లో మేనేజరు ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ ఊఁ. ఇంకోసారి. మళ్ళీ అదే. ముందు రోజు స్టూడియోలో మెడ బిగించాక కూడా ఆ గొంతు ఆగకపోయేసరికి, స్విచ్ ముట్టుకునే ధైర్యం లేక, ఆ గదిలోంచి పరిగెత్తింది అతనే. ఇప్పుడు కూడా పరిగెత్తాడు. తలుపు తీస్తే ఎదురుగా చీఫ్ నిలబడి ఉన్నాడు.

"నేనే చంపాను," అన్నాడు మేనేజరు, ఎవరూ అడక్కముందే. "నా చేతుల్లోనే ప్రాణం పోయింది. ముందు దాన్ని ఆపించండి."

"అంత తొందరేముంది, విననివ్వండి," అన్నాడు చీఫ్.

*

పేలుడు పెట్టె పైకప్పు దీపాల గుత్తిలో దొరికింది. ల్యాబ్ వాళ్ళని భయపెట్టిన మంద్రస్వరం, వాళ్ళ రికార్డింగ్‌లో పడిన, స్టూడియో మూలన ఉన్న పాత ఫ్రిజ్ మోతని తేలింది. ఫైల్లో అక్క పేరు పక్కన ఉన్న ప్రశ్నార్థకాన్ని చీఫ్ తన కలంతోనే కొట్టేశాడు. ఆజ్ఞ మీరినందుకు మిణుగురుకి మెమో ఇచ్చాడు. దాన్ని అందించిన చేత్తోనే చాలాసేపు అతని భుజం పట్టుకున్నాడు.

పొద్దున్న సంతకాలయ్యాక, ఆఫీసు ఎదురు కాఫీ కొట్లో మిణుగురు ఒంటరిగా కూర్చున్నాడు. రాత్రి కన్ను మూతపడలేదు. చుట్టూ ఏ చప్పుడూ లేకపోవడం అతనికి అలవాటు కాలేదు. నెమలి వచ్చి ఎదురుగా కూర్చుని దినపత్రిక అతని ముందుకి తోసింది. గొంతు బొంగురుపోయి ఆమె మాట్లాడే స్థితిలో లేదు. సంగీత విమర్శకుడి కాలమ్ మీద గోరుతో గీత గీసి చూపించింది.

మిణుగురు చదివాడు. కచేరీ అద్భుతమట. చివరి స్వరం పట్టిన తీరు అమోఘమట. "అయితే ముగింపులో తెరవెనక పలికిన ఆ వంత గొంతు ఎవరిదో గానీ, శ్రుతి ఒక వెంట్రుకవాసి తగ్గింది. ఇకముందు ఆమె మరికాస్త సాధన చెయ్యాలి."