కుడికన్ను చెప్పిన సగం మాట

"సార్, నన్ను హంతకురాలంటున్నారు!" అంటూ ఆ నర్సు కుర్చీలో కూలబడింది.

ఆమె చూసుకునే పెద్దాయనకు పక్షవాతం. నోరు పడిపోయింది, కాలూ చెయ్యీ ఆడవు. ఆడేవి కనురెప్పలే. నిన్న మధ్యాహ్నం ఊపిరాడక కన్నుమూశాడు. ఆ వేళ దగ్గరున్నది నర్సొక్కతే. కావాలనే తలుపేసి పోయిందని ఆయన కూతురు పోలీసులకు చెప్పబోతోంది.

"తలుపెందుకేశావమ్మా?" డిటెక్టివ్ అడిగాడు.

"ఆయనే వెయ్యమన్నారు సార్. కుడికన్ను ఒకసారి మూశారు. అంటే తలుపేసి వెళ్ళమని."

డిటెక్టివ్ నోట ఏమొచ్చినా వేదవాక్కనుకునే అసిస్టెంటుకు ఈమె మాట మాత్రం నమ్మబుద్ధి కాలేదు. అతను పెదవి విరిచేలోపే డిటెక్టివ్ చెప్పులేసుకున్నాడు.

ఆ ఇంట్లో ఖాళీ మంచం పక్కన కొడుకూ కూతురూ కూర్చుని ఉన్నారు.

"ఈ కళ్ళ గుర్తులు ఎవరు పెట్టారు?" డిటెక్టివ్ అడిగాడు.

"నేనే," అన్నాడు కొడుకు. "కాలేజీలో సంకేతాల పాఠం చెబుతాను. ప్రతి మాటకీ రెండుసార్లు కన్ను మూయాలి. ఎడమ, ఎడమ అంటే నీళ్ళు. ఎడమ, కుడి అంటే నొప్పి. కుడి, కుడి అంటే ఊపిరాడట్లేదని. అది వాడే అవసరం ఎప్పుడూ రాలేదు."

"కుడి, ఎడమ?"

"దానికి మాటేమీ పెట్టలేదు. ఖాళీ."

"మరి కుడి ఒక్కటే?"

కొడుకు తెల్లబోయాడు. "అలాంటిది లేదే!"

"ఉందన్నయ్యా," అంది కూతురు. "కిందటి వారం నువ్వు ఊళ్ళో లేనప్పుడు నేనే కలిపాను. అన్నం తిన్నాక నాన్నకి ఒంటరిగా ఉండాలని ఉంటుంది కదా. రెండుసార్లు మూయాలంటే అలసిపోతున్నారని, ఒక్కసారి చాలన్నాను. నర్సుకీ నేనే నేర్పాను. అయినా ఊపిరాడని మనిషి తలుపేసి పొమ్మంటారా?"

డిటెక్టివ్ వెంట వచ్చి గుమ్మం బయట నిలబడ్డ నర్సును కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒక గుర్తు ఇంకో గుర్తుకి మొదలు కాకూడదమ్మా. కొత్త మాటని ఆ ఖాళీలో, కుడి, ఎడమలో పెట్టుంటే నాలుగు చోట్లూ నిండేవి, ఏ మాటా ఇంకో మాటకి అడ్డొచ్చేది కాదు. మీరు కుడి ఒక్కటే పెట్టారు. నిన్న ఆయన ఊపిరాడట్లేదని చెప్పబోయి కుడికన్ను మూశారు. ఈవిడకి అక్కడితో మాట పూర్తయిపోయింది, తలుపేసింది. ఆయన మాట మాత్రం సగంలోనే ఉంది. ఇందులో హంతకులెవరూ లేరు."

నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బయటపడ్డానన్న సంతోషం ఆమె ముఖంలో ఏ కోశానా లేదు.

"ఒక్క రెప్పపాటు శ్రమ తగ్గిద్దామనుకున్నాను," అంది కూతురు. తర్వాత మంచంకేసి చూసింది. "సార్, నాన్న రెండోసారి కూడా మూసుంటారా? తలుపు వంక చూస్తూ, మళ్ళీ మళ్ళీ మూసుంటారా?"

డిటెక్టివ్‌కు జవాబు తెలుసు.